శైలజక్క రివెర్బ్ పెడల్

శైలజక్క మా ఆర్కెస్ట్రాలో పంతొమ్మిదేళ్లు పాడింది. నేను అందులో కీబోర్డు వాయిస్తాను, పగలు శ్రీకాకుళంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాని. మాది పెద్ద ఆర్కెస్ట్రా ఏమీ కాదు. పెళ్లి రిసెప్షన్లు, అమ్మవారి సంబరాలు, చవితి పందిళ్లు, ఉద్యోగుల సంఘాల వార్షికోత్సవాలు. ఇటు పాలకొండ నుంచి అటు ఇచ్ఛాపురం దాకా ఎవరు పిలిచినా వ్యానులో సామాను వేసుకుని బయలుదేరతాం.

ఆవిడది పొందూరు దగ్గర పల్లె. భర్త సోములు వ్యవసాయం చేస్తాడు. పల్లంలో వరి, మెట్టలో వేరుశనగ, కొంచెం గోగు. ప్రోగ్రాం ఉన్న రోజున కూడా ఆవిడ మధ్యాహ్నం దాకా చేలోనే ఉండేది. నాట్ల రోజుల్లో కాళ్ల పగుళ్లలో బురద పూర్తిగా పోకుండానే పట్టుచీర కట్టుకుని స్టేజీ ఎక్కడం నేను చాలాసార్లు చూశాను. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చిన్నప్పుడు పక్కింటి రేడియో విని, విన్నది విన్నట్టు పాడుతూ పెరిగింది.

ఆవిడకి ఒక అలవాటు ఉండేది. ప్రోగ్రాంకి ముందు, జనం రాకముందే స్టేజీ మీదికి వెళ్లి గట్టిగా ఒక చప్పట్టు కొట్టి, తల కొంచెం పక్కకి వంచి వినేది. తర్వాత మైక్‌సెట్టు అతని దగ్గరికి వెళ్లి ఎకో ఎంత పెట్టాలో చెప్పేది. మొదట్లో వాళ్లు నవ్వుకునేవాళ్లు. పాట మొదలయ్యాక నవ్వడం మానేసేవాళ్లు. ఒకే పాట కోటబొమ్మాళి మైదానంలో ఒకలా, బొబ్బిలి కళ్యాణ మండపంలో ఒకలా పాడేది. అదేమిటని అడిగితే, "సోటును బట్టి గొంతు, తమ్ముడూ. మనింట్లో మాటాడినట్టు సంతలో మాటాడతామేటి?" అనేది.

ఐదేళ్ల కిందట ఆవిడ మెడ మీద గడ్డ కనబడింది. థైరాయిడ్ అన్నారు. విశాఖపట్నం తీసుకెళ్తే, గడ్డ తియ్యక తప్పదనీ, స్వరపేటికకి వెళ్లే సన్నటి నరం ఆ గడ్డని అంటుకునే ఉందనీ, ఎంత జాగ్రత్తపడ్డా గొంతు మారే అవకాశం ఉందనీ డాక్టరు ముందే చెప్పాడు. సోములు ఆ మాట విని బయటికొచ్చి వరండాలో కూర్చుండిపోయాడట. ఆవిడే వెళ్లి, "మనిసి ఉంటే కదా పాట. పద, సంతకం పెట్టీ," అని లోపలికి తీసుకొచ్చింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డ ప్రమాదమైనది కాదని తేలింది. గొంతు మాత్రం మారింది. మూడు నెలలు గుసగుసలా మాట్లాడింది. తర్వాత మాట తిరిగొచ్చింది, కానీ బొంగురుగా, కిందస్థాయిలోనే. పై స్వరాలకి వెళ్లబోతే గాలి తప్ప ఏమీ రాదు. ఏడాది పాటు డాక్టరు చెప్పిన కసరత్తులన్నీ చేసింది. ఆ తర్వాత ఒకరోజు శ్రీకాకుళంలో మేం సాధన చేసుకునే గదికి వచ్చింది. బియ్యం కొట్టు మీద ఉంటుంది ఆ గది. ఆవిడ వెంట సింధూరి అనే అమ్మాయి ఉంది, డిగ్రీ చదువుతోంది.

"ఈ గుంట బాగా పాడతాది. ఇకమీదట ఈ గుంటనే తీసుకెళ్లండి," అంది శైలజక్క.

మా డ్రమ్స్ ధనరాజ్ ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "నాను మానెయ్యట్లేదురా. నాకు రెండేళ్లు టైమియ్యండి. మళ్లీ వస్తాను."

ఎలా వస్తుందో మాలో ఎవరికీ అర్థం కాలేదు. ఓదార్పు కోసం అన్న మాట అనుకున్నాం.

ఆ మంగళవారం ఆవిడ పొందూరులో ప్యాసింజరు ఎక్కి నౌపడ వెళ్లింది. అక్కడ జగన్నాధం గారని, రైల్వేలో పాయింట్స్‌మన్‌గా రిటైరైన మనిషి ఉన్నారు. డెబ్బై దాటాయి. వయసులో ఉండగా ఖరగ్‌పూర్‌లో పనిచేస్తూ ఒక బెంగాలీ గార్డు దగ్గర హవాయియన్ గిటారు నేర్చుకున్నారు. మా ఆర్కెస్ట్రా మొదలైనప్పుడు ఆరేడేళ్లు మాతో వాయించారు కూడా. ఆ గిటారుని ఒళ్లో వెల్లకిలా పెట్టుకుంటారు. ఎడమచేత్తో ఒక నున్నటి స్టీలు కడ్డీని తీగల మీద జారుస్తారు, కుడిచేత్తో మీటుతారు. మామూలు గిటారులో స్వరం మెట్టు మెట్టుగా వస్తుంది. ఇందులో మెట్లు ఉండవు. కడ్డీ ఎక్కడ ఆగితే అక్కడ స్వరం.

"అదే నాకు కావాల్సింది," అని తర్వాత చెప్పింది నాకు. "గొంతు ఎలా జారతాదో ఆ కడ్డీ అలా జారతాది. పైకి ఎల్లమంటే ఎల్తాది. దానికి నరం గొడవ నేదు."

నలభై రెండేళ్ల వయసులో, కొడవలి పట్టిన వేళ్లతో మొదలుపెట్టింది. వారానికి రెండుసార్లు రైలు. జగన్నాధం గారి ఇల్లు ఉప్పు మడులకి ఎదురుగా ఉంటుంది. కిటికీ తెరిస్తే తెల్లటి ఉప్పు కుప్పలు వరసగా కనిపిస్తాయి. ఆయన పొగిడే మనిషి కాదు. మొదటి ఆర్నెల్లూ ఒకే తీగ మీద ఒకే స్వరం దగ్గర కడ్డీని సరిగ్గా ఆపడం నేర్పించారు. ఇంట్లో ధాన్యం బస్తాల గదిలో కూర్చుని సాధన చేసేది. మొదటి ఏడాది ఆ మోత ఎలా ఉండేదో సోములు నాకు ఇప్పటికీ చెబుతాడు. "పిల్లి తోక మీద ఎద్దు కాలేసినట్టుండేది బాబూ. నానైతే ఏటీ అనలేదు. మా ఆవు మాత్రం ఆ గది పక్క కట్టేస్తే మేత ముట్టేది కాదు."

రెండో ఏడు గడిచేసరికి ఆవు మేత మేసింది. మూడో ఏడు సగంలో జగన్నాధం గారు తన యాంప్లిఫయర్ ఆవిడకి ఇచ్చేశారు. "నా సేతులు వణుకుతన్నాయి. నువ్వు ఎత్తుకుపో," అన్నారట. పాతకాలం పెట్టె అది. ఇరవై కిలోలు ఉంటుంది. నల్ల రెగ్జిన్ తొడుగు మూలల్లో చిరిగింది. గిటారు దానికి తగిలించి వాయిస్తే స్వరం గట్టిగా, స్పష్టంగా వచ్చింది. కానీ మీటగానే పుట్టి అక్కడికక్కడే చచ్చిపోయింది.

నన్ను పిలిచి వినిపించింది. "ఎండిపోయిన నాలిక్కి మల్లే ఉన్నాది, సూడు," అంది. జగన్నాధం గారికి ఫోన్ చేస్తే ఆయన ఒకటే మాట చెప్పారు: "ఎనక సెక్క ఇప్పి సూడమ్మా."

విప్పాం. అడుగున ఒక పొడుగాటి రేకు డబ్బా ఉంది. మూత తీస్తే అందులో మూడు సన్నటి స్ప్రింగులు ఉండాల్సిన చోట ఎర్రటి తుప్పు పొడి ఉంది. నౌపడ ఉప్పుగాలి మొత్తం తినేసింది. పాత యాంప్లిఫయర్లలో రివెర్బ్ ఆ స్ప్రింగుల వల్లే పుట్టేది. తీగ స్వరం స్ప్రింగుల్లోంచి పోయి వణుక్కుంటూ తిరిగొచ్చి అసలు స్వరానికి తోకలా అతుక్కుంటుంది. మైక్‌సెట్టు వాళ్లు అన్నింటినీ ఎకో అనే అంటారు గానీ రెండూ వేరు. ఎకోలో మాట మళ్లీ మాటగా తిరిగొస్తుంది. రివెర్బ్‌లో మాట ఆగిపోయినా గదిలో దాని తడి కాసేపు ఉంటుంది.

ఆ డబ్బా ఇప్పుడు దొరకదు. గిటారుకీ యాంప్లిఫయర్‌కీ మధ్యలో తగిలించే చిన్న పెడల్ ఒకటి కొనాలి. కాలితో నొక్కితే పనిచేస్తుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ధనరాజ్ ఆ రోజే తన ఫోనులో పది పెడళ్ల బొమ్మలు చూపించాడు.

"ఇదిగో అక్కా, దీనికి పన్నెండు రకాల రివెర్బ్‌లున్నాయి. అందరూ ఐదు నక్షత్రాలు ఇచ్చీనారు. నొక్కితే నాలుగు రోజుల్లో ఇంటికి వచ్చేస్తాది."

"వాళ్లు ఐదు నక్షత్రాలు ఇచ్చింది వాళ్ల గిటారుకిరా. నా గిటారు వాళ్లు ఇన్నారేటి?" అంది. "ఇనకుండా ఎలా కొంటాం? దోసకాయ కొన్నా సేదు సూసి కొంటాం."

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో చంద్రమౌళి గారి వాద్యాల దుకాణం ఉంది. ఆయన తాతగారి రోజుల్లో హార్మోనియంలు, వయొలిన్ తీగలు, మృదంగాలు అమ్మేవారు. ఇప్పుడు గిటార్లు, కీబోర్డులు, పెడళ్లు కూడా తెప్పిస్తున్నారు. అక్కడికి వెళ్దామన్నాను. శైలజక్క సరే అంది, కానీ యాంప్లిఫయర్ కూడా తీసుకెళ్దామంది.

"అక్కా, అక్కడ యాంప్లిఫయర్లు బోలెడున్నాయి."

"నాకున్నది ఇదే కదా తమ్ముడూ. వాళ్ల పెట్టెలో బాగున్నది నా పెట్టెలో బాగోకపోతే?"

జనవరిలో ఒక బుధవారం నేను సెలవు పెట్టి ఆమదాలవలసలో ప్యాసింజరు ఎక్కాను. పొందూరులో వాళ్లిద్దరూ ఎక్కారు. సోములు యాంప్లిఫయర్‌ని దుప్పటిలో చుట్టి, వరికోతకి వాడే తాడుతో కట్టి, భుజం మీద పెట్టుకుని వచ్చాడు. ఆవిడ చేతిలో గిటారు. రైల్లో ఎవరో మూటలో ఏముందని అడిగితే సోములు, "మా ఇంటిదాని గొంతు," అన్నాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

దుకాణంలో చంద్రమౌళి గారు మూటని చూసి, "రిపేరుకా అమ్మా? మా దగ్గర రిపేర్లు చెయ్యమండి," అన్నారు.

"రిపేరుకి కాదు బాబూ. దీనికి రివెర్బ్ పెడల్ కావాల. దీంట్లో పెట్టే ఇంటాను," అంది శైలజక్క.

ఆయన ఒక్క క్షణం ఆ బొంగురు గొంతునీ, నూలు చీరనీ, తాడు విప్పుతున్న సోములునీ చూశారు. బల్ల ఖాళీ చేసి, ప్లగ్గు చూపించి, మూడు పెడళ్లు తీసి వరసగా పెట్టారు. వాయించి చూపించడానికి లోపల ఒక మనిషి ఉన్నాడన్నారు. ఆవిడ వద్దంది. స్టూలు మీద కూర్చుని గిటారు ఒళ్లో పెట్టుకుని, "ముందు ఆ పంకా ఆపండి," అంది.

మొదటిది పెద్ద పెడల్. దాని మీద చిన్న తెర, రంగురంగుల దీపాలు. ఒక మీట తిప్పితే స్వరం వెనక ఇంకో పై స్వరం పుట్టి, ఆకాశంలో ఎవరో పాడుతున్నట్టు మెరిసింది. దుకాణంలో ఉన్న ఇద్దరు కుర్రాళ్లు దగ్గరికొచ్చి నిలబడ్డారు. నిజం చెప్పాలంటే నాకూ అదే తీసుకోవాలనిపించింది.

"బాగున్నాది," అందావిడ కాసేపు వాయించి. "మరి నాను వాయించింది ఎక్కడున్నాదో ఇందులో?"

రెండోది పెద్ద హాలులో వాయించినట్టు పొడుగాటి తోక ఇచ్చేది. ఒక్క స్వరం మీటితే అద్భుతంగా ఉంది. కానీ ఆవిడ కడ్డీని నెమ్మదిగా జారుస్తూ ఒక గమకం వాయించేసరికి వెనక స్వరం తోక ముందు స్వరం మీద పడి రెండూ గొడవపడ్డాయి. "నిన్నటి పులుసు ఇయాల్టి అన్నంలో కలిసిపోయినట్టు లేదేటి?" అంది నావైపు చూసి. అప్పుడు నాకూ వినబడింది. అంతకుముందు వినబడలేదు.

మూడోది అరచేతిలో పట్టేంత చిన్నది, రెండే మీటలు. పాత స్ప్రింగు రివెర్బ్ లాంటిది. నేర్చుకునేవాళ్లు కొంటారని చంద్రమౌళి గారు చెప్పారు. ఆవిడ మీటని సున్నా దగ్గర పెట్టి, వాయిస్తూ వాయిస్తూ వెంట్రుకవాసి చొప్పున పెంచింది. వినీ వినబడనట్టు మొదలైన చోట ఆగి, మళ్లీ కొంచెం వెనక్కి తిప్పింది. నన్ను గుమ్మం దగ్గరా, తర్వాత వీధిలోనూ నిలబెట్టి వినమంది. ఎక్కడ నిలబడి విన్నా గిటారు గిటారులాగే ఉంది, కానీ ప్రాణం ఉంది.

"ఇదే బాగుంది అక్కా. తీసేసుకుందాం," అన్నాను. చంద్రమౌళి గారు అప్పటికే దాని అట్టపెట్టె వెతుకుతున్నారు.

ఆవిడ లేవలేదు. దుకాణం గోడల వైపు చూసింది. రెండు వైపులా నేల నుంచి పైకప్పు దాకా గాజు బీరువాలు, వాటిలో వాద్యాలు. "ఇందులో సగం ఈ గోడలు ఇస్తన్నాయి బాబూ," అంది. "మేం వాయించేది గోడల్లేని సోట. సేలో, మైదానంలో. ఇక్కడ బాగున్నాదని కొనీసి అక్కడికెళ్లి ఏడవడమెందుకు? మీకు మేడ ఉన్నాదా?"

ఇన్నేళ్ల వ్యాపారంలో ఎవరూ తనని మేడ అడగలేదని చంద్రమౌళి గారు తర్వాత నాతో అన్నారు. అప్పుడు మాత్రం గడియారం చూసి, భోజనాల వేళ ఎలాగూ మూసేస్తాం కదా అని షట్టరు సగం దించారు. సోములు మళ్లీ పెట్టె భుజానికెత్తుకున్నాడు. రెండంతస్తులు ఎక్కాం. మేడ మీద చంద్రమౌళి గారి భార్య ఎండబెట్టిన గుమ్మడి వడియాలు, తాడు మీద బట్టలు ఉన్నాయి. కిటికీలోంచి వైరు లాగి ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

అక్కడ అంతా తారుమారైంది. కింద అంత బాగున్న చిన్న పెడల్ మేడ మీద మూగబోయింది. మీట చివరిదాకా తిప్పితే ఖాళీ డబ్బా మోగినట్టుంది తప్ప స్వరం నిలబడలేదు. పెద్దది మెరిసింది గానీ, ఆవిడ దాన్ని అప్పటికే పక్కన పెట్టేసింది. హాలు పెడల్ తగిలించింది. తోక పొడుగు బాగా తగ్గించింది. అయినా గమకం దగ్గర మసక పోలేదు. నాలుగుసార్లు వాయించింది. నుదుటి మీద చెమట తుడుచుకుంది.

చంద్రమౌళి గారు వంగి, పెడల్ పక్కన ఉన్న చిన్న మీట చూపించారు. "దీన్నెవరూ ముట్టుకోరండి. స్వరానికీ దాని తోకకీ మధ్య ఎడం ఎంతుండాలో ఇది చెబుతుంది. సున్నాలో ఉంటే స్వరంతోపాటే తోక మొదలవుతుంది. పెంచితే స్వరం ముందు ఒక్కటే వినబడి, ఆ తర్వాత తోక వస్తుంది."

ఆ చిన్న మీట దగ్గర ఆవిడ అరగంట కూర్చుంది. సోములు వడియాల మీదికి వచ్చిన కాకిని చేత్తో అదిలిస్తున్నాడు. కొంచెం తిప్పడం, ఒకే వాక్యం వాయించడం, తల పక్కకి వంచి వినడం. అది ఆవిడ ఒకప్పుడు రోజూ పాడే పాటలో పల్లవి చివరి వాక్యం. ఎన్నోసారో తెలియదు గానీ, వాక్యం చివర కడ్డీ పైకి జారి ఆగింది. స్వరం ముందు స్పష్టంగా, ఒంటరిగా వినబడింది. దాని వెనకనే ఒక మెత్తటి నిట్టూర్పులా తడి పరుచుకుని, తరువాతి స్వరం వచ్చేలోగా తప్పుకుంది.

ఆవిడ చెయ్యి తీసేసి నావైపు తిరిగింది. "పాడినప్పుడు సివర్లో మైకు నుంచి మొకం ఎనక్కి తీసీదాన్ని, గుర్తున్నాదా? మాట ముందు తగలాల, తర్వాత దూరమవ్వాల. ఇది అదే తమ్ముడూ."

నాకు గుర్తుంది. పంతొమ్మిదేళ్లు పక్కన నిలబడి చూసినవాణ్ని. అయినా అదొక పద్ధతని ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు.

చంద్రమౌళి గారు పిట్టగోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. "అమ్మా, మీరు మా అమ్మవారిశాలలో దసరాలకి పాడేవారు కదండీ?" అన్నారు. అమ్మవారిశాల అంటే కన్యకాపరమేశ్వరి గుడి. మేం అక్కడ ఏడెనిమిదేళ్లు వరసగా ప్రోగ్రాం ఇచ్చాం.

"అవునండి," అంది ఆవిడ.

"మొహం చూసి పోల్చుకోలేకపోయాను. ఇందాకటి నుంచి అనుమానమే. ఇప్పుడు ఆ చివర వదిలిన తీరు విని అడిగాను. గొంతుకేమైందండీ?"

"ఆపరేషన్ అయింది."

"అలాగా," అన్నారాయన. కిందకి దిగి వెళ్లి, మాకు ముగ్గురికీ టీలు తెచ్చి ఇచ్చారు. ఆవిడ తాగలేదు. గిటారు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఏడ్చిందా అంటే నేను చెప్పలేను, ఎండకి కళ్లు చికిలించుకుని ఉంది. తర్వాత లేచి, సోములుతో, "పెట్టె సర్దు. ఇది తీసుకుందాం," అంది.

మొదటి ప్రోగ్రాం ఫిబ్రవరిలో శ్రీకాకుళంలోనే, ఒక పెళ్లి రిసెప్షన్. కొత్తగా కట్టిన కళ్యాణ మండపం. రేకుల కప్పు, నేలంతా నున్నటి రాళ్లు. ఎవరు కుర్చీ జరిపినా ఆ చప్పుడు ఊరంతా తిరిగొచ్చేది. శైలజక్క గిటారు ఒళ్లో పెట్టుకుని రెండు స్వరాలు మీటి, కాలితో పెడల్ నొక్కి ఆపేసింది.

ధనరాజ్ డ్రమ్స్ దగ్గర్నుంచి లేచొచ్చాడు. "అదేటక్కా. ఇరవై కిలోల పెట్టె మోసుకుని రెండంతస్తులెక్కి కొన్నారు. ఇప్పుడు ఆపేసి వాయిస్తారేటి?"

"ఈ హాలు అడక్కుండానే ఇస్తన్నాది కదరా. ఉప్పు కొన్నామని పాయసంలో ఏసుకుంటామా?"

ఆ సాయంత్రం మొత్తం ఎండు గిటారుతోనే వాయించింది. హాలు తన పని తను చేసింది. సింధూరి పాడుతుంటే పల్లవికీ చరణానికీ మధ్య ఉన్న ఖాళీలో ఈవిడ గిటారు వచ్చేది. అతిథుల్లో ఎక్కువమంది భోజనాల వైపే ఉన్నారు. ఎవరూ ప్రత్యేకంగా చప్పట్లు కొట్టలేదు. మా పనిలో అది మామూలే. ఆవిడ మాత్రం రెండుసార్లు కడ్డీ జారిపోబోయిందని వ్యానులో చెప్పింది. మేం గమనించలేదు.

పెడల్ అవసరం తర్వాతి నెల వచ్చింది. పొందూరుకి అవతల ఒక ఊళ్లో అమ్మవారి సంబరం. కోత అయిపోయిన చేలో స్టేజీ. నాలుగు దిక్కులా ఒక్క గోడ లేదు. దీపాలు పెట్టేవేళకి మొదలుపెట్టాం. చుట్టుపక్కల పల్లెల వాళ్లు కాబట్టి చాలామందికి శైలజక్క తెలుసు, గొంతు పోయిన సంగతీ తెలుసు. ఒళ్లో గిటారుతో ఆవిడ కుర్చీలో కూర్చోగానే ముందు వరస ఆడవాళ్లు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు.

మూడో పాట ఆవిడది. సింధూరి పక్కకి తప్పుకుంది. మేం మెల్లగా తాళం పట్టాం. పెడల్ మీద మీటలు ఏ చోట ఉండాలో ఆవిడ గోళ్లరంగుతో చిన్న చుక్కలు పెట్టుకుంది. చేలో చల్లగాలికి తగ్గట్టు ఇంకొంచెం సరిచేసుకుని, పెడల్ నొక్కి మొదలుపెట్టింది. నాట్లు వేసేటప్పుడు ఆ పల్లెల్లో ఆడవాళ్లు పాడుకునే వరస అది. సినిమా పాట వస్తుందనుకున్నవాళ్లు ముందు తెల్లబోయారు. స్వరం చేను మీదుగా పోయి, వెనక తడి మిగిల్చి, మళ్లీ ఇంకో స్వరం. రెండో చరణానికి వచ్చేసరికి ముందు వరసలో ఒక పెద్దావిడ కింది గొంతుతో మాటలు కలిపింది. తర్వాత పదిమంది కలిపారు. శైలజక్క వాళ్లని చూస్తూ వేగం తగ్గించి, వాళ్ల ఊపిరికి తగ్గట్టు వాయించింది. వాళ్లు ఆగిన చోట ఆగింది. నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను, అక్కడ నా అవసరం లేదు.

నా చిన్నప్పటి నుంచి వాద్యకారుల్ని చాలామందిని చూశాను. చెయ్యి తిరిగినవాళ్లు ఉన్నారు. కానీ ఎక్కడ వాయించాలో, ఎంత వాయించాలో, ఎక్కడ ఇంకొకరికి వదిలెయ్యాలో ఇంత స్పష్టంగా తెలిసినవాళ్లని ఎక్కువమందిని చూడలేదు.

జగన్నాధం గారిని సోములు ఆ రోజు నౌపడ నుంచి తీసుకొచ్చాడు. స్టేజీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాం. పాట అయ్యాక ఆవిడ దిగి వెళ్లి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టింది. ఆయన ఆశీర్వదించి, "మూడో తీగ సుతి కొంచెం దిగిపోయింది. పెడల్ ఉంది కదాని అది దాగదు," అన్నారు.

"నాకూ ఇనబడిందండి. మంగళారం వస్తాను," అంది ఆవిడ, ఎంతో ఆనందంగా.

ఇప్పుడు నెలకి నాలుగైదు ప్రోగ్రాంలు ఉంటున్నాయి. గిటారు కోసమే పిలిచేవాళ్లు కూడా మొదలయ్యారు. చంద్రమౌళి గారు కిందటి దసరాకి అమ్మవారిశాలలో అరగంట కచేరీ పెట్టించారు. గొంతు పోయినందుకు బాధ లేదా అని ఒకసారి నేను అడిగాను. అడక్కూడదేమో, అడిగాను.

"లేకేటి? రోజూ ఉంటాది," అంది. "పొయ్యి దగ్గర కూనిరాగం తీద్దామని నోరు తెరుస్తాను, గాలి వస్తాది. అప్పుడు ఓ నిమిషం అలా నిలబడిపోతాను. తర్వాత కూర మాడతాదని కలుపుతాను."

ఈ మధ్య సింధూరి కూడా ఆదివారాలు ఆవిడ ఇంటికి వెళ్తోంది. పాట వాక్యాన్ని చివర్లో ఎలా వదలాలో నేర్పమని అడిగిందట. పాడి చూపించడానికి గొంతు లేదు కాబట్టి ఆవిడ వాయించి చూపిస్తుంది, సింధూరి అది విని పాడుతుంది. మొన్న ఆదివారం నేనూ వెళ్లాను. ధాన్యం బస్తాల మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. సింధూరి ఒకే వాక్యం పదకొండోసారి పాడుతోంది. శైలజక్క కళ్లు మూసుకుని విని, "ఇంకా బేగి వదిలేస్తన్నావే. మాట తగలనీ. మళ్లీ పాడు," అంటోంది.